ఉగాదికి ఇంటి యలంకారము - స్వల్ప వ్యయము



చైత్ర శుద్ధ పాడ్యమి సమీపించుచున్నది. మీలో కొందరు క్రొత్త పంచాంగమును తెప్పించి యుందురు. వేపపూత ఏ చెట్టున బాగుగా నున్నదో చూచి పెట్టుకొని యుందురు. ఇట్టి మీకు ఉగాదినాడు ఇల్లు ఎట్లు అలంకరింపవలెనో చెప్పబూనుట, తల్లి పుట్టింటి సంగతి మేనమామకు చెప్పినట్లుండునని నేనెరుగుదును. అయినను చెప్పదలచితిని. అందులకు కారణమొకటి కలదు.

మాది నూజివీడు ప్రాంతమున మామిడితోటల నడుమనున్న పల్లె. గత సంవత్సరము ఉగాదినాడు ఉదయమున నేను పచ్చడి గిన్నె చేతబట్టుకొని మా వీధిలోని యొక కౌలురైతు ఇంటికి పోతిని. ఆ ఇంటి గుమ్మమునకు తోరణము లేదు. వాకిట ముగ్గు లేదు. ఇంట ఏదేని మైల వచ్చెనేమో యని శంకించి, ఆ యింటి ఇల్లాలిని మెల్లగా అడిగితిని. ఆమె తలవంచుకొని యిట్లనెను: "అదేమీ లేదు బాబాయిగారూ. అంగడిలో మెరుపుల తోరణం రెండువందలు చెప్పారు. మా దగ్గర లేదు. మావాడు మామిడాకులు కోసుకొస్తానన్నాడు గాని, వీధిలో అందరూ కొన్నవి కట్టుకుంటే మనమొక్కళ్ళం ఆకులు కట్టుకోవడం చిన్నతనంగా ఉంటుందని నేనే వద్దన్నాను."

ఆ మాట విని నేను నిర్విణ్ణుడనైతిని. చుట్టును మామిడితోటలున్న యూరిలో మామిడాకు కట్టుట చిన్నతనమని యొక పేదరాలు తలచినది. దోషము ఆమెది కాదు. ఆమె ఇంటికి రెండువైపులనున్న ఇండ్లలో ఒకటి నాది. ఆ యేడు నా గుమ్మమునకు గూడ నా మనుమడు పట్టణమునుండి తెచ్చిన ప్లాస్టిక్ తోరణమే వ్రేలాడుచున్నది. కలిగినవారు దేనిని విడిచిపెట్టుదురో, లేనివారు దానిని పట్టుకొనుటకు సిగ్గుపడుదురు. కావున ఈ ప్రసంగము మొదట నాకు నేను చెప్పుకొనుచున్నదే.

ఇక విషయమునకు వచ్చెదను. మొదట గోడ.

పండుగకు వారము దినములు ముందుగా సున్నము వేయవలెను. కాల్చిన సున్నపు గడ్డలు ఒక కిలోకు ఐదు లీటర్ల నీరు లెక్క. ముందు నీరు పోసి, పిమ్మట గడ్డలను కొంచెము కొంచెముగా అందులో వేయవలెను గాని, గడ్డల రాశిపై నీరు గుమ్మరింపరాదు. సున్నము నీటితో కలియునప్పుడు మిక్కిలి వేడి పుట్టి తుకతుక నుడుకును. ప్లాస్టిక్ బక్కెట్టు ఆ వేడికి మెత్తబడి కూలవచ్చును. ఇనుప తొట్టిగాని, నేలలో త్రవ్విన గొయ్యిగాని మేలు. ఒక పగలు, ఒక రాత్రి నాననిచ్చి, పలుచని గుడ్డతో వడగట్టి, అన్నపు గంజి కొంచెము గలిపినచో గోడ తాకినవారి బట్టలకు తెలుపు అంటదు. ఒక్కసారి చిక్కగా పూయుటకంటె, పలుచగా రెండు మూడు మారులు పూయుట మంచిది. సున్నము తడిగా నున్నప్పుడు తెల్లదనము కనబడదు. అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని, మరల రాతివలె గట్టిపడుచు తెల్లబడును. కావున పూసిననాడు తెలుపు చాలలేదని తొందరపడి మరల మరల పూయనక్కర లేదు.

ఈ సున్నమును గురించి ఒక్కమాట గట్టిగా చెప్పవలసి యున్నది. నాకు పదేండ్ల వయసున మా పెరటిలో సున్నము ఉడుకుచుండగా, నా తమ్ముడు కర్రతో దానిని కలియబెట్టి వేడుక చూచుచుండెను. చివుక్కున నొక చుక్క యెగిరి వాని కంటిలో బడెను. వాడు కన్ను నలుపుకొనబోగా మా యమ్మ వాని చేతులు రెండును పట్టుకొని, బావి గట్టున పండుకొనబెట్టి, కడవ తరువాత కడవ నీరు తోడి కంటిలో పోయుచునే యుండెను. తరువాతనే బండి కట్టించి వైద్యునియొద్దకు తీసికొనిపోయిరి. ఆ నీళ్ళే కన్ను కాపాడినవని వైద్యుడు చెప్పెను. నేటి వైద్యులును అదే చెప్పుచున్నారు. సున్నము కంట బడినచో నలుపరాదు, నూనె వేయరాదు, మరియే పసరును పోయరాదు. ఇరువది నిమిషములకు తక్కువ గాకుండ మంచినీటితో కడుగుచునే యుండి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. పండుగ పనులలో ప్రమాదకరమైనది ఇదియొక్కటే. సున్నము నానవేయు చోటికి పిల్లలను రానీయకుడు.

సున్నము వేసిన గోడకు అడుగున మూరెడెత్తున జాజు పట్టె తీర్చిన, ఇల్లు పెండ్లికూతురువలె నుండును. జాజు అనగా ఎర్రని మన్ను. దానిలోని యెరుపు ఇనుపత్రుప్పు యెరుపే. అందుచేతనే అది యెండకు వెలవెలబోదు. దానిని నీటిలో నానబెట్టి, ఇసుక అడుగునకు దిగిన పిమ్మట పైనున్న చిక్కని నీటిని వంచుకొని, తుమ్మజిగురు గాని గంజి గాని కలిపి, గోనెగుడ్డ ముక్కతో పూయవలెను. ఎర్రని జాజుపై తెల్లని పిండిగీత యెంత సొంపుగా నుండునో, ఉత్తరాంధ్ర మన్యమున శవరుల ఇండ్లను చూచినవారెరుగుదురు. వారు దేవతలను కొలుచు సందర్భములందు ఎర్రమట్టి గోడలపై బియ్యపుపిండితో మనుష్యులను, మృగములను, చెట్లను చిత్రింతురు. ఆ చిత్రములు వారి యారాధనకు సంబంధించినవి గనుక మనము వానిని అనుకరింప బనిలేదు. మన వంతు మనకు తెలిసిన చుక్క, గీత, చిలుక, కలశము చాలును. గుప్పెడు నూకలు నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలవలె పలుచన చేసి, వెదురుపుల్ల కొనకు దూది చుట్టి వ్రాసిన, ఆ గీత వానకాలము వరకును నిలుచును.

గడపకు పసుపు పూయుదుము. ఇచ్చట నొక చిన్న కిటుకు కలదు. పసుపునకు సున్నము తగిలిన ఎర్రబడును. మన పారాణి తయారగుట ఈ గుణమువలననే గదా! క్రొత్తగా సున్నము వేసిన చోట పసుపు పూసినచో మచ్చలు మచ్చలుగా ఎర్రబారి వికారముగా నుండును. కావున పసుపు కొయ్య గడపకే పరిమితము చేయుడు. అదియుగాక పసుపు ఎండలో రెండు మూడు దినములకే వెలిసిపోవును. పండుగకు ముందు రాత్రి పూసిన మేలు గాని, వారము ముందు పూసి ప్రయోజనము లేదు.

ముగ్గు సంగతి స్త్రీలకు నేను చెప్పదగినది కాదు. అయినను మనుమరాండ్రకు నేర్పు తాతలకొరకు ఒక్క లెక్క చెప్పెదను. నడుమ వరుసన ఏడు చుక్కలు పెట్టుడు. దానికి పైనను క్రిందను, చుక్కకు చుక్కకు నడుమనుండు సందులో ఆరేసి చుక్కలు, పిమ్మట ఐదేసి, పిమ్మట నాలుగేసి పెట్టుడు. దీనినే సందుచుక్కల ముగ్గందురు. మొత్తము ముప్పదియేడు చుక్కలగును. వెలుపలి చుక్కలను గలిపిన ఆరు మూలల ఆకారము వచ్చును. దాని నడుమ పద్మము గాని నక్షత్రము గాని సులభముగా కుదురును. చుక్కల యెడము రెండు వ్రేళ్ళుగా నుంచిన, ముగ్గు మూరెడు చోటులో ఇముడును. పిల్లకు కూడిక, సమభాగము, మూలల కొలత ముగ్గుతోనే తెలిసివచ్చును.

ఇప్పుడు అంగళ్ళలో అమ్ముచున్న కన్నులు చెదరు రంగుపొడులు చేతికంటి తొందరగా వదలవు. పొడి గాలిలో లేచి ముక్కులో దూరును. మనకు కావలసిన రంగులు ఇంటనే యున్నవి. బియ్యపుపిండిలో పసుపు గలిపిన పచ్చరంగు, జాజుపొడి గలిపిన ఎరుపు, మెత్తగా నూరిన బొగ్గు గలిపిన బూడిదరంగు వచ్చును. మోదుగపూలు ఈ కాలముననే అడవినిండ పూయును. వానిని ఉడికించిన నీటిలో నూకలు నానవేసి నీడనార్చిన, చక్కని నారింజవన్నె వచ్చును. పూర్వము హోళీనాడు వసంతము చల్లుకొన్నదియు ఆ నీటితోడనే. ఇట్లు చేసిన ముగ్గును మధ్యాహ్నమునకు చీమలును పిచ్చుకలును తిని పోవును. మరునాడు వాకిలి క్రొత్త ముగ్గునకు సిద్ధముగా నుండును.

ఇక తోరణము. మూడడుగుల గుమ్మమునకు ఐదడుగుల తాడు కావలెను. ఇరువైపుల కట్టుటకు అరయడుగు చొప్పున పోగా, మిగిలిన నాలుగడుగులు నడుమ ఇంచుక వంగి అందముగా వ్రేలాడును. కొబ్బరితాడు, గోగునార, అరటినార - ఏదైనను సరియే. నూలుదారము సన్ననిది గనుక ఆకు జారును. ఆకులు ఇరువది యొకటి చాలును. ఎర్రని లేత చిగురు పనికిరాదు. అది గంటలోనే వాడి ముడుచుకొనును. మరీ ముదిరిన ఆకు మడవగానే విరుగును. ముదురాకుపచ్చగా, చేతికి దళసరిగా నున్నదానిని ఎన్నుకొనవలెను. తెల్లవారుజామున, ఎండ తగులక మునుపు కోసి, తడిగుడ్డలో చుట్టి యుంచవలెను.

కట్టు విధములు రెండు. పురితాడైనచో పురిని ఇంచుక విప్పి, తొడిమను అందులో దూర్చి విడిచిన, తాడే పట్టుకొనును. నారతాడైనచో ఆకు మొదటిభాగమును తాడు మీదుగా వెనుకకు మడచి, రెండు పొరలకును గలిపి చీపురుపుల్ల ముక్క గుచ్చవలెను. రెండాకుల నడుమ రెండు వ్రేళ్ళ సందు విడువవలెను. ఆకులు కిక్కిరిసిన గాలి సోకక మచ్చలు పడును. నాలుగాకులకొక వేపపూగుత్తిని కట్టిన చూడ ముచ్చటగా నుండును. మామిడాకు పైన మైనమువంటి పొర యుండుటచే నీరు త్వరగా ఆరిపోదు. అందుచేతనే తక్కిన యాకులు వడలి రాలినను అది ఎండియు తాడును విడువదు. తోరణపు టాకులు ఇంటి గాలినంతయు శుద్ధి చేయునని కొందరు చెప్పుచుందురు. అది యతిశయోక్తి. కోసిన యిరువది యాకులు చేయగల మార్పు లెక్కకు రానిది. తోరణము మనము కట్టుట శుభమునకును, కంటికింపునకును. ఆ రెండును చాలవా?

ఒక జాగ్రత్త చెప్పెదను. చైత్రమునాటికి చెట్టున పిందెలు కాయలగుచుండును. మామిడి కొమ్మల కొనలయందే కాయును. ఎత్తున నున్న కొనలను త్రుంచిన ఆ కాపు పోవును. చెట్టు లోపలి వైపున, నీడలో, కాయలేని కొమ్మలనుండి మాత్రమే ఆకులు కోయవలెను. అది చెట్టునకు వెలుతురు గూడ నిచ్చును.

బంతిపూలు ఈ ఋతువున ప్రియముగా నుండును. అవి లేకున్నను లోపము లేదు. వసంతము తన పూవులను తానే తెచ్చుచున్నది. కానుగ క్రొత్తాకు అద్దమువలె మెరయుచుండును. దాని రెమ్మలు నాలుగు ఇత్తడి చెంబులో నుంచిన నట్టింట పందిరి వేసినట్లుండును. కొన్ని దినములు గడచిన రేలచెట్లు బంగారు గొలుసులవంటి పూవులతో నిండును. శ్రీరామనవమి పందిటికి అవి చక్కగా నుండును. కొబ్బరియాకు ఈనె తీసి, ఆ బద్దలను జానెడేసి ముక్కలుగా కోసి, ఒక దానిలో నొకటి ఉంగరములవలె తగిలించి, చీపురుపుల్లతో గుచ్చుకొనుచు పోయిన, పిల్లలు గంటసేపటిలో పందిరంత పొడవు గొలుసు చేయుదురు. తాటాకు చిలుకలు అల్లువారు ఊరికి ఒకరిద్దరు ముదుసళ్ళయినను ఇంకను మిగిలి యుందురు. వారు పోకముందే పిల్లలను వారియొద్ద కూర్చుండబెట్టుడు. ఆ విద్య పుస్తకమున చూచి నేర్చుకొనుటకు వచ్చునది కాదు. చేతిని చూచియే నేర్వవలెను.

వరికంకుల కుచ్చులను మరువకుడు. మన పెద్దలు కోతలనాడే మంచి కంకులను జానెడు కాడతో కోసి, కాడలను నీట నానబెట్టి, మూడు పాయలుగా జడవలె అల్లి, చూరున వ్రేలాడగట్టెడివారు. ఇంటికి అలంకారము, పిచ్చుకకు ఆహారము. 2010వ సంవత్సరము మొదలు మార్చి 20వ తేదీని ప్రపంచమంతటను పిచ్చుకల దినముగా పాటించుచున్నారు. అది మన యుగాదికి దగ్గరగానే వచ్చును. కుచ్చును పిల్లి కందనంత ఎత్తున కట్టవలెను. విత్తనశుద్ధి మందు పట్టించిన ధాన్యమును ఎన్నడును వాడరాదు. మరియొక సంగతి. పిచ్చుక తన పిల్లలకు గింజలు పెట్టదు, పురుగులను తెచ్చి పెట్టును. కావున పెరటిలో మందులు చల్లని యొక మడి యుండవలెను. చూరునందు గూటికి సందు విడువవలెను. అప్పుడే కుచ్చు కట్టిన ఫలము దక్కును.

ప్లాస్టిక్ తోరణమును నేను నిందించుట దాని రూపమును జూచి కాదు. నా గుమ్మమునకు కట్టినది ఒక్క వేసవికే ఎండకు పెళుసై, ముట్టుకొన్న పొడిగా రాలసాగినది. ఆ ముక్కలు వాకిట పడినవి. వాకిటనుండి చెత్తకుప్పకు, చెత్తకుప్పనుండి పశువుల నోటికి పోవును. తగులబెట్టిన విషపు పొగ వచ్చును. అలంకారమునకు వాడు థెర్మోకోలును ప్రభుత్వమువారు 2022 జూలై 1వ తేదీనుండి దేశమంతటను నిషేధించిరి. మామిడి తోరణమునకు ఈ చిక్కు లేదు. ఎండిన పిమ్మట విప్పి పెంటకుప్పపై వేసిన, అది పొలమునకు ఎరువగును. అయితే ఎండిన ఆకు నిప్పునకు త్వరగా అంటుకొనును. దీపము పెట్టు చోటికిని, కరెంటు తీగలకును దూరముగా కట్టవలెను. పూర్తిగా ఎండిన వెంటనే తీసివేయవలెను.

లెక్క చూతము. సున్నమును విడిచిపెట్టిన, నేను చెప్పిన తక్కిన వస్తువులకు పల్లెటూరివానికి కావలసినది గుప్పెడు నూకలు, చిటికెడు పసుపు, చెరువుగట్టు ఎర్రమన్ను, మూరల నార, ఒక పూటపని. సున్నము కొనలేనివారు పేడతో అలికి, జాజు పట్టె తీర్చిన చాలును.

ఇక పెద్దలకు నా మనవి. చెట్టు లేని ఇండ్లు ప్రతి యూరను కలవు. వారు అడుగుటకు మొగమాటపడుదురు. ఉగాదికి ముందునాటి సాయంకాలము తోటలున్నవారందరు తలా రెండు మోపుల లోపలి కొమ్మలు కొట్టించి రచ్చబండయొద్ద వేయింపుడు. వేపరెమ్మలు కూడ వేయింపుడు. ఎవరికి కావలసినవి వారు తీసికొనిపోవుదురు. ఇచ్చువాడెవడో, పుచ్చుకొన్నవాడెవడో చూడబనిలేదు. తరువాత వేసవిలో తిన్న నాటుమామిడి టెంకలను పారవేయక, వెంటనే నాటింపుడు. మామిడి టెంక ఎక్కువకాలము నిలువయుండిన మొలవదు. చెరువుగట్టున, బడి ఆవరణమున, ఊరుమ్మడి స్థలమున నాలుగు మొక్కలు దక్కినను, కొన్నియేండ్లకు ఊరందరికిని తోరణమునకు కొరత యుండదు.

ఈ సంగతిని మొన్న మా యూరి పెద్దలతో ప్రస్తావించితిని. ముగ్గురు తోటలవారు ఒప్పుకొనిరి. ఒకరు మాత్రము, "ఈ కాలంలో ఆకులెవరు కడతారయ్యా?" అని నవ్విరి. వారికి నేను బదులు చెప్పలేదు. నా గుమ్మమునకున్న ప్లాస్టిక్ తోరణమును మా మనుమడే విప్పివేసినాడు. వానికి పురి విప్పి తొడిమ దూర్చుట నేర్పితిని. మొదటి తోరణము వంకరగా వచ్చినది, రెండవది బాగుగనే వచ్చినది. ఈ యుగాదికి ముందునాడు వాడును నేనును ఆ కౌలురైతు ఇంటికి ఆకులు తీసికొనిపోయి, ఆ యింటి పిల్లవానితో కూర్చుండి, రెండు గుమ్మములకును ఒకే మారు తోరణములు కట్టవలెనని అనుకొనుచున్నాము. మొదట నా గుమ్మమునకు, తరువాత వారి గుమ్మమునకు. అట్లయిన ఆ యిల్లాలికి చిన్నతనముగా నుండదని నా నమ్మకము.

మీ యందరి గుమ్మములును పచ్చగా నుండుగాక. సెలవు.